కోర్టులో "గుర్తులేదండి" అని పదకొండు సార్లు అన్నాడు. ఇది కోర్టు ధిక్కారం కాదా?

మడివాళ మధ్యతరగతి · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగు, ఓపిక చేసుకోండి.

2019 ఫిబ్రవరిలో మా ఊరివైపు మనిషికి ప్రోనోటు మీద 14 లక్షలు ఇచ్చాను. బెంగళూరు మారతహళ్ళిలో పీజీ నడుపుతాడు, మూడంతస్తుల బిల్డింగు. మొదటి ఎనిమిది నెలలు వడ్డీ టంచనుగా వచ్చింది. తర్వాత కోవిడ్ అన్నాడు, నేనూ నోరు మూసుకున్నాను. 2021లో దావా వేశాను, 2024 జూన్‌లో నాకు డబ్బు కట్టాలని డిక్రీ వచ్చింది. ఆయన అప్పీలుకి కూడా వెళ్ళలేదు. అంత ధీమా ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

డిక్రీ అమలు చేయించమని ఈపీ వేసి ఏడాది దాటింది. మొన్న ఆస్తుల వివరాలు చెప్పమని ఆయన్ని బోనెక్కించారు. మా లాయరు అడిగారు, ఎన్ని గదులు ఉన్నాయి అని. "గుర్తులేదండి." నెలకి ఎంత వసూలవుతుంది? "మా మిసెస్ చూసుకుంటుందండి, నాకు తెలియదు." ఏ బ్యాంకులో ఖాతా ఉంది? "ఇదివరకు ఉండేది." ఇప్పుడు? "గుర్తులేదండి." కారెవరిది? "వాడుకోడానికి ఎవరో ఇచ్చారు." ఎవరు? ఇక మీరే చెప్పండి. పక్కన కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, పదకొండు సార్లు.

దీనికి ముందు అరగంట ఇంకో నాటకం. నాకు కన్నడ రాదు, తెలుగులో అడగండి అన్నాడు. పన్నెండేళ్ళుగా మార్కెట్లో కన్నడలో బేరమాడే మనిషి! దుబాసీ దొరికేసరికి మధ్యాహ్నం అయింది.

నా ప్రశ్న ఒక్కటే. ప్రమాణం చేసి జడ్జి ముందు ఇలా చెవిలో పువ్వులు పెడితే అది కోర్టు ధిక్కారం కాదా? లోపల వేయించలేమా? ఆయన ఫొటో కింద పెడుతున్నాను, ఎవరైనా జాగ్రత్తపడతారని.

అడ్మిన్ · రాత్రి 9:58

పేరు, ఫొటో తీసేశాం. డిక్రీ మీ చేతిలో ఉంది కదా, పరువునష్టం నోటీసు కూడా ఎందుకు? చర్చ కొనసాగించండి.

వడ్డీ వద్దు · రాత్రి 10:15

బ్రదర్, లోపల వేయిస్తే డబ్బొస్తుందనుకుంటున్నారా? నేను వేయించాను. చెబుతా వినండి.

నాది ఆరు లక్షల డిక్రీ. అరెస్టు వారెంటు తెచ్చుకోవడానికే పద్నాలుగు నెలలు పట్టింది. కోర్టు అమీను వెళ్ళిన ప్రతిసారీ ఇంటికి తాళం. చివరికి దొరికాడు. అప్పుడు తెలిసింది, సివిల్ జైల్లో ఆయన తిండికి బత్తా నేనే ముందుగా కోర్టులో కట్టాలట! నాకు బాకీ ఉన్నవాడికి నేనే మూడు పూటలా భోజనం. మూడు నెలలు ఉండి బయటికొచ్చాడు, రంగు తేలి వచ్చాడు. ఐదు వేలు దాటిన డిక్రీకి గరిష్ఠం మూడు నెలలే. బాకీ రద్దు కాదు గానీ అదే డిక్రీ మీద మళ్ళీ అరెస్టు చేయించడానికి లేదు. ఆయనకి ఇక భయమేముంది? నాకు ఇంతవరకూ పైసా రాలేదు.

పాత ప్లీడరు · సోమవారం, ఉదయం 6:20

వడ్డీ వద్దు గారు చెప్పింది నిజం. ఇరవై ఆరేళ్ళుగా కేజీ రోడ్డు సివిల్ కోర్టు మెట్లు ఎక్కి దిగుతున్నాను, ఈ కథ వారానికొకటి వింటాను.

ముందు ధిక్కారం సంగతి. 1971 కోర్టు ధిక్కార చట్టంలో సివిల్ ధిక్కారం అంటే కోర్టు తీర్పునో డిక్రీనో ఆదేశాన్నో కావాలని ఉల్లంఘించడం, లేదా కోర్టుకి ఇచ్చిన హామీని కావాలని తప్పడం. అందులో డిక్రీ అనే మాట చూసి, డబ్బు కట్టకపోతే ధిక్కారమే కదా అని చాలామంది వస్తారు. ఈపీ అనే దారి ఉండగా ధిక్కారం కేసుని వసూలు ఏజెంటులా వాడుకోనివ్వవు హైకోర్టులు. పైగా కింది కోర్టు ఆ చట్టం కింద తనే శిక్ష వేయడానికి లేదు, సెక్షన్ 10 ప్రకారం ఆ పని హైకోర్టుది. ఏడాదిలోపు కదలకపోతే సెక్షన్ 20 అడ్డొస్తుంది. శిక్ష ఎంత అంటారా? గరిష్ఠంగా ఆరు నెలల సాదా ఖైదు, రెండు వేల జరిమానా.

ఒక్క సందర్భంలో మాత్రం ధిక్కారం బలంగా నిలుస్తుంది. ఫలానా తేదీకల్లా ఇంత కడతాను, ఫలానా ఆస్తి అమ్మను అని కోర్టుకి హామీ రాసిచ్చి తప్పితే. మీ జేడీఆర్, అంటే మీ బాకీదారుడు, అలాంటిదేమైనా రాసిచ్చాడా?

మడివాళ మధ్యతరగతి · ఉదయం 8:05

లేదు సార్. రాసిచ్చే రకమైతే ఈ పోస్టెందుకు?

ఎల్ఎల్ఎం కష్టాలు · ఉదయం 11:30

ఈ విషయం మీదే ఒక పేపరు రాస్తున్నా, అందుకే దూరుతున్నా. అన్న అడిగిన ప్రశ్న అమెరికాలో అయితే అడగదగ్గదే. అక్కడ బాకీదారుడు ప్రమాణం చేసి నసిగితే దాన్ని ధిక్కారంగా చూసిన తీర్పులు వందేళ్ళ నుంచి ఉన్నాయి. 1913లో న్యూయార్కులో అపెల్ అనే దివాలా కేసులో జడ్జి లెర్నెడ్ హ్యాండ్ ఒక గీటురాయి పెట్టారు. బయటి సాక్ష్యం దేన్నీ తవ్వకుండా, ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చదివితే చాలు, ఈ మనిషి జవాబు చెప్పే ప్రయత్నమే చేయలేదని కనిపిస్తోందా? కనిపిస్తే, నోరు మెదపనన్నవాడికీ వీడికీ తేడా లేదు. మొన్న ఎంత సొమ్ము చేతులు మారిందో ఇవాళ గుర్తులేదంటే అది జవాబే కాదు.

అయితే వెంటనే ఒక కళ్ళెం కూడా పడింది. 1919లో హడ్జింగ్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, అబద్ధం చెప్పినంత మాత్రాన ధిక్కారం కాదు, కోర్టు పనికి అడ్డుపడిందని కూడా తేలాలి అంది. లేకపోతే జడ్జికి నచ్చిన జవాబు వచ్చేదాకా సాక్షిని లోపల ఉంచవచ్చు కదా. అంటే నమ్మశక్యం కాని జవాబు వేరు, జవాబే కాని జవాబు వేరు. అన్నా, మీవాడి పదకొండూ ఏ బాపతో విడదీసి చూడండి. "మిసెస్ చూసుకుంటుంది" అనేది జవాబే, అబద్ధం కావచ్చంతే. "కారు ఎవరో ఇచ్చారు" మాత్రం అచ్చంగా రెండో రకం.

టీ నగర్ టిఫిన్ · మధ్యాహ్నం 12:10

మన దగ్గర అంత దూరం ఎందుకండీ, దివాలా తీశానని ఐపీ పెట్టేస్తాడు. చెన్నైలో మా మేనమామకి అదే అయింది. రేపో మాపో ఆస్తులు చెప్పాలనగా అవతలి మనిషి ఐపీ నోటీసు పంపాడు, అప్పులవాళ్ళ జాబితాలో మామ పేరు పంతొమ్మిదోది. మా దగ్గర ఇప్పటికీ 1909 నాటి ప్రెసిడెన్సీ పట్టణాల దివాలా చట్టమే, హైకోర్టులో అఫీషియల్ అసైనీ చూస్తారు. బెంగళూరుకి 1920 చట్టం అనుకుంటా, ప్లీడరు గారు సరిచేయాలి.

పాత ప్లీడరు · మధ్యాహ్నం 2:45

సరిగ్గానే చెప్పారు. వ్యక్తుల దివాలాకి సంబంధించి 2016 కొత్త కోడ్‌లోని భాగం 2019 డిసెంబరు నుంచి కార్పొరేట్ అప్పులకి పూచీ ఉన్నవాళ్ళ వరకే అమల్లోకి వచ్చింది. మామూలు మనిషికి పాత చట్టమే. కాకపోతే ఐపీ పెట్టినవాడు అక్కడా ప్రమాణం చేసి ఆస్తులు చెప్పాలి, అక్కడ దాస్తే మరో చిక్కు. ఐపీ అనగానే డబ్బు పోయిందని ఇంట్లో ఏడుపులు పెట్టక్కర్లేదు.

ఇక అసలు సంగతి. మీ లాయరు మీద విమర్శ కాదు గానీ, మొన్న జరిగింది సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డరు 21, రూలు 41లో మొదటి మెట్టు మాత్రమే. మౌఖిక విచారణ. దానికి పళ్ళు లేవు. పళ్ళున్నది రెండో మెట్టుకి. డిక్రీ ముప్పై రోజులు తీరకుండా ఉంటే, ఆస్తులన్నీ అఫిడవిట్‌గా రాసివ్వమని మీరు అర్జీ పెట్టుకోవచ్చు. దానికి ఫారం 16ఏ అని ప్రత్యేకంగా నమూనా ఉంది. కోర్టు ఆదేశించాక ఆ అఫిడవిట్ వేయకపోతే మూడో ఉపనియమం కింద మూడు నెలల దాకా సివిల్ జైలు. అది ఈపీ కోర్టే వేస్తుంది, హైకోర్టుకి పోనక్కర్లేదు. బోనులో "గుర్తులేదు" అన్న మాట గాలిలో పోతుంది. కాగితం మీద "బ్యాంకు ఖాతా: గుర్తులేదు" అని రాసి సంతకం పెట్టడానికి చెయ్యి వణుకుతుంది. నేను చూశాను ఆ వణుకు.

అఫిడవిట్‌లో అబద్ధం రాస్తే, అప్పుడు తప్పుడు సాక్ష్యం నేరం వస్తుంది. పాత ఐపీసీ 193, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 229, ఏడేళ్ళ దాకా శిక్ష. కానీ మీరే పోయి పోలీసు కేసు పెట్టలేరు, కోర్టే విచారించి ఫిర్యాదు చేయాలి. దానికి ఏళ్ళు పడుతుంది, నిజమే. అయితే ఆ అర్జీ ఫైల్లో పడ్డ రోజు అవతలి లాయరు కాఫీకి పిలుస్తాడు.

ఇంకొకటి. జవాబు చెబితే నా మీద వేరే కేసవుతుంది అని తప్పించుకోవడానికీ లేదు. సాక్షి చెప్పి తీరాలి. బలవంతాన చెప్పించిన ఆ జవాబుని అతని మీద వేరే క్రిమినల్ కేసులో వాడరు, అబద్ధం చెప్పాడన్న కేసులో తప్ప. కొత్త సాక్ష్య చట్టంలోనూ ఇది అలాగే ఉంచారు.

వడ్డీ వద్దు · మధ్యాహ్నం 3:02

ఇవన్నీ నాకు అప్పుడెవరూ చెప్పలేదు సార్. అఫిడవిట్ మాటే రాలేదు.

బాకీ ఉన్నవాణ్ణి · రాత్రి 11:50

రాయాలా వద్దా అని రెండ్రోజులుగా చూస్తున్నాను. నేను అవతలి పక్కవాణ్ణి. అదే బోనులో నిలబడ్డాను, అదే మాట అన్నాను.

బీటీఎంలో నాకు రెండు పీజీలు ఉండేవి, అరవై మంచాలు. 2020 మార్చిలో పది రోజుల్లో ఖాళీ అయిపోయాయి. పిల్లలు బ్యాగులు కూడా వదిలేసి ఊళ్ళకి పోయారు. బిల్డింగు ఓనర్లు అడ్వాన్సులోంచి అద్దె పట్టుకున్నారు. వంటవాళ్ళకి జీతాలివ్వడానికి ఒక చిట్టీ పాడి ఇంకో చిట్టీ కట్టాను, ఐదు క్రెడిట్ కార్డులు తిప్పాను. ఎవరికెంతివ్వాలో రాసుకున్న పుస్తకం ఖాళీ చేసేటప్పుడు ఎక్కడ పోయిందో తెలియదు. కోర్టులో ఏ చిట్టీలో ఎంత పాడావు అంటే నిజంగానే గుర్తు రాలేదు. మా లాయరు "తెలియనిదానికి గుర్తులేదు అను, తెలిసినదానికి కూడా అదే అను" అన్నాడు. అన్నాను. ఆ రోజు ఎదురుగా నా స్నేహితుడి మొహం చూడలేకపోయాను.

తర్వాత వాళ్ళు అఫిడవిట్ అడిగారు. ప్లీడరు గారు చెప్పినట్టే చెయ్యి వణికింది. రాత్రంతా కూర్చుని మా ఆవిడా నేనూ రాశాం, స్కూటరు, ఫ్రిజ్, ఊళ్ళో ఎకరంలో నా వాటా, అన్నీ. ఆ కాగితం చదివాక నా స్నేహితుడే కబురు పెట్టాడు, నెలకి పదిహేను వేలు కట్టు అని. ఆయన ఒప్పుకోబట్టి కోర్టు కూడా వాయిదాల పద్ధతికి సరేనంది. ఇంకా పంతొమ్మిది నెలలు ఉన్నాయి.

మడివాళ అన్నా, మీవాడు దొంగో, నాలాంటివాడో నాకు తెలియదు. కానీ "లోపల వేయించండి" అని రాస్తుంటే కడుపులో తిప్పింది.

పాత ప్లీడరు · మంగళవారం, ఉదయం 6:35

బాకీ ఉన్నవాణ్ణి గారూ, రాసినందుకు థాంక్స్. మీ మాటే 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, కట్టలేని పేదవాణ్ణి జైల్లో పెట్టడం రాజ్యాంగంలో ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే 21వ అధికరణానికి విరుద్ధమన్నారు. కట్టగల స్తోమత ఉండి దురుద్దేశంతో ఎగ్గొడుతున్నాడని డిక్రీదారుడే చూపించాలి. సీపీసీ సెక్షన్ 51లోనూ అదే. పారిపోయేలా ఉన్నాడనో, దావా పడ్డాక ఆస్తి దురుద్దేశంతో మార్చేశాడనో, స్తోమత ఉండీ కట్టట్లేదనో జడ్జి కారణాలు రాస్తేనే అరెస్టు.

అందుకే మడివాళ గారూ, ఆ పదకొండు జవాబుల్ని తిట్టుకోకండి. సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, ఒక్కో జవాబు పక్కన ఒక్కో కాగితం పెట్టండి. గదులెన్నో గుర్తులేదన్నాడా, పీజీ లైసెన్సులో ఎన్ని మంచాలున్నాయో తెప్పించండి. కారు ఎవరిదో తెలియదన్నాడా, ఇన్సూరెన్సు ఎవరి డబ్బుతో కట్టారో చూడండి. స్తోమత ఉండీ కట్టట్లేదని చూపించేది ఆ కాగితాలే. ఈపీలు ఆరు నెలల్లో తేల్చాలని, దాటితే కారణాలు రాయాలని 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు అంది. అదీ మన బెంగళూరు ఆస్తి గొడవే. మీ ఈపీకి ఏడాది దాటింది కాబట్టి మెమోలో ఆ తీర్పు పెట్టమనండి.

హెచ్ఎస్ఆర్ అక్క · ఉదయం 10:20

నాకు సెక్షన్లు తెలియవు కానీ పీజీలు తెలుసు. మా నాన్నగారి బిల్డింగు పీజీకే ఇచ్చాం.

మడివాళ తమ్ముడూ, మూడు విషయాలు అడుగుతా. ఒకటి, రిసెప్షన్ బల్ల మీద క్యూఆర్ కోడ్ ఎవరి పేరు మీద ఉంది? మీరు స్కాన్ చేస్తే చాలు, పేరొస్తుంది, డబ్బు పంపక్కర్లేదు. రెండు, బిల్డింగు లీజు ఎవరి పేరు మీద ఉంది? క్యూఆర్ ఒక్క రోజులో మారుతుంది కానీ లీజు అలా మారదు, ఏ ఓనరూ ఊరికే కొత్త అగ్రిమెంటు రాయడు. మూడు, అడ్వాన్సు ఎంత? ఇక్కడ పీజీ బిల్డింగులకి పది నెలల అద్దె అడ్వాన్సు తీసుకోవడం మామూలే. అది ఓనరు దగ్గర ఉన్న మీవాడి డబ్బే కదా?

మడివాళ మధ్యతరగతి · మధ్యాహ్నం 1:15

అక్కా, లంచ్ టైములో వెళ్ళి స్కాన్ చేశాను. భార్య పేరు. లీజు సంగతి ఎలా తెలుస్తుంది?

హెచ్ఎస్ఆర్ అక్క · మధ్యాహ్నం 1:22

ఏడాది మించిన లీజైతే రిజిస్టర్ చేయాలి. రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్లో ఆ బిల్డింగు ఈసీ తీయించండి, దాని మీద రిజిస్టరైనవన్నీ అందులో ఉంటాయి.

పాత ప్లీడరు · మధ్యాహ్నం 3:30

అమ్మా, మీరు లా చదవాల్సింది.

అడ్వాన్సు అంటే ఓనరు అతనికి తిరిగి ఇవ్వాల్సిన బాకీ. దాన్ని జప్తు చేయించవచ్చు, ఆర్డరు 21, రూలు 46, 46ఏ. లీజు నడుస్తుండగా ఓనరు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు. కానీ జప్తు ఆర్డరు అందాక లీజు ముగిసిన రోజు ఆ సొమ్ము జేడీఆర్ చేతికి కాదు, కోర్టుకి రావాలి. ఇంకో సంగతి, రూలు 41లో విచారించగలిగేది బాకీదారుణ్ణి ఒక్కణ్ణే కాదు, "ఇతర వ్యక్తి" ఎవరినైనా. భార్యని అరెస్టు చేయరు, డబ్బు డిక్రీకి ఆడవాళ్ళని అరెస్టు చేయకూడదని సెక్షన్ 56, పైగా ఆమె బాకీదారు కూడా కాదు. కానీ సాక్షిగా పిలిచి, మీ క్యూఆర్‌లోకి వచ్చే అద్దె ఎవరిదమ్మా అని అడగవచ్చు. బిల్డింగు ఓనర్నీ అడగవచ్చు. ఆయనకి గుర్తులేకపోవడానికి కారణమేమీ లేదు.

టీ నగర్ టిఫిన్ · సాయంత్రం 6:00

ఓనరుకి గుర్తుండేది అడ్వాన్సు ఒక్కటే కదండీ 😀

మడివాళ మధ్యతరగతి · ఆరు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 8:30

అప్‌డేట్. ఆలస్యానికి సారీ, మధ్యలో దసరా సెలవులు.

ఈసీలో లీజు దొరికింది. 2021 చివర్లో, అంటే నేను దావా వేశాక, ఐదేళ్ళకి రెన్యూ చేయించుకున్నాడు. ఆయన పేరు మీదే! అడ్వాన్సు తొమ్మిది లక్షలు. అఫిడవిట్‌కి ఆర్డరు వచ్చింది, నాలుగు వారాల గడువిచ్చారు. ఓనరుకి 46ఏ నోటీసు వెళ్ళింది.

నోటీసు వెళ్ళిన మూడో రోజే వాళ్ళ లాయరు ఫోన్. కాఫీకే పిలిచాడు సార్, మీరన్నట్టే. ఐదు లక్షలు తీసుకుని మాఫీ చేసుకోమన్నాడు. మా లాయరు, ముందు అఫిడవిట్ రానివ్వండి అన్నారు. గడువు చివరి రోజు వేశారు. అందులో రెండు బ్యాంకు ఖాతాలు, కారు, గదులు ముప్పై ఎనిమిది, అన్నీ గుర్తొచ్చాయి. భార్య ఖాతా సంగతి మాత్రం రాయలేదు. ఆమెకి సమన్లు అడుగుతున్నాం.

బాకీ ఉన్నవాణ్ణి గారూ, అరెస్టు అర్జీ వేయలేదు. ఇప్పటికి. నెలకి నలభై వేల చొప్పున కోర్టులో హామీ రాసిస్తే ఆలోచిస్తానని చెప్పించాను.

పాత ప్లీడరు · రాత్రి 9:10

ఆ హామీ రాసిస్తే ధిక్కారం మాట అప్పుడు మాట్లాడుకుందాం. సంతకం కోర్టు ముందు పెట్టించండి, నోటరీ కాగితం ఒప్పుకోకండి.

మడివాళ మధ్యతరగతి · రాత్రి 9:25

అలాగే సార్. ఇంకో చిక్కు. ఓనరు వచ్చి, తొమ్మిది లక్షల్లో పెయింటింగు, డ్యామేజీ పోను మిగిలిందే కోర్టుకి కడతా అంటున్నాడు. పెయింటింగుకి రెండు నెలల అద్దెట! అక్కా, మీ నాన్నగారు ఎంత పట్టుకుంటారు?

హెచ్ఎస్ఆర్ అక్క · రాత్రి 9:31

ఒక నెల. అగ్రిమెంటులో ఏం రాశారో చూడండి ముందు. డ్యామేజీకి బిల్లులు అడగండి. మా నాన్న మాత్రం ఎప్పుడూ బిల్లు చూపించలేదు, ఆ సంగతి ఇక్కడితో వదిలేయండి.

వడ్డీ వద్దు · రాత్రి 9:48

ప్లీడరు గారూ, నా డిక్రీ 2016ది. అమలుకి పన్నెండేళ్ళ గడువు ఇంకా ఉంది కదా? అరెస్టు అయిపోయింది సరే, ఆ అఫిడవిట్ నేను ఇప్పుడు అడగవచ్చా?

పాత ప్లీడరు · రాత్రి 10:05

గడువు ఉంది. మళ్ళీ అరెస్టు కుదరదు గానీ ఆస్తి మీదకి వెళ్ళడానికి అడ్డులేదు. డిక్రీ కాపీ, పాత ఈపీ నంబరు పట్టుకుని శనివారం రండి. మెసేజ్‌లో అడ్రసు పంపుతాను. కాఫీ నేనిప్పిస్తా.